కౌలుకిచ్చిన కుక్క

మా వైపు మామిడితోట కాపు కౌలుకిచ్చేటప్పుడు పెద్ద తతంగమేమీ ఉండదు. పిందె నిలిచే వేళకి షావుకారు వస్తాడు. చెట్టుచెట్టుకీ తల పైకెత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాడు. పూత మాడిందని ఒకసారి, తేనెమంచు పట్టిందని ఇంకోసారి మొహం చిట్లిస్తాడు. మా వసారాలో కూర్చుని మజ్జిగ తాగుతాడు. చివరికి మా ఆయన చేతిలో చెయ్యి వేసి, "సరేనండీ, తోట, షెడ్డు, మోటారు, కుక్క" అంటాడు. అంతే. ఆ మాట అన్నాక కోతలు పూర్తయ్యేదాకా తోట ఆయనది. మా చెట్టు కింద రాలిన కాయ మేం తీసుకోవాలన్నా ఆయన్ని అడిగే తీసుకుంటాం. ఆ వరసలో చివర కుక్క ఎందుకుందని పెళ్ళయి వచ్చిన కొత్తలో అడిగితే, "కోతుల్ని తోలేది అదేగా. కాపు వాళ్ళదైనప్పుడు కాపలా వాళ్ళది కాదా?" అన్నారు మా మామగారు. ఆయన పోయారు, అప్పటి కుక్క పోయింది, తర్వాత చాలా కుక్కలు మారాయి. ఆ మాట మాత్రం అలాగే ఉంది.

కౌలుకిచ్చామంటే కుక్క ఎక్కడికో వెళ్ళిపోతుందని కాదు. మా ఇల్లు తోటకి దక్షిణపు అంచున, నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. కుక్క ఎప్పటిలాగే మా వసారా ముందే పడుకుంటుంది. కాకపోతే ఆ వేసవంతా దానికి అన్నం పెట్టాల్సింది షావుకారు మనుషులు. మేం పెట్టేది అదనం. కుక్క రెండు చోట్లా తినేది, ఎవరికీ చెప్పేది కాదు. ఇన్నేళ్ళలో ఈ ఏర్పాటు మీద ఎవరూ నోరెత్తలేదు. ఈ యేడు నేను ఎత్తాను. ఎంతగా ఎత్తానంటే, రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఆపుకుని మరీ జనం చూశారు.

ముందు మా అత్తయ్య సంగతి చెప్పాలి. ఆవిడకి వినపడదు. కొంచెం కొంచెంగా తగ్గుతూ, పక్కన మిక్సీ వేసినా తెలియని దాకా వచ్చింది. చెవికి మిషన్ కొనిపెట్టాం. పెట్టుకున్న రోజునే, "అబ్బబ్బ, లోపల ఎవరో అప్పడాలు వేయిస్తున్నారే" అని తీసి పోపులపెట్టెలో పడేసింది. ఇప్పటికీ అందులోనే ఉంది, మెంతుల పక్కన. మాతో సైగల మీద నడిపించుకుంటుంది. బయటి సంగతులు మాత్రం కుక్క చెవుల్లో చూసి తెలుసుకుంటుంది.

నిజమండీ. ఆవిడ నవారు మంచం వసారాలో ఉంటుంది. దాని ముందు, మెట్టు కింద, తోట వైపు తిరిగి కుక్క. కుక్క చెవులు రెండూ నిక్కబొడుచుకుని ముందుకి వంగితే కోతులు. ఒకటే లేస్తే తెలిసినవాళ్ళ బండి. రెండూ వెనక్కి వాల్చి తోక నేలకేసి కొడితే మా ఆయన. చెవులు ఒక్కసారి ఆడించి ఊరుకుంటే కాయ రాలింది. "కాయ పడిందే, కలెక్టరు మామిడి చెట్టు వైపు" అని ఆవిడ అన్నాక వెళ్ళి చూస్తే అక్కడ కాయ ఉండేది. గ్యాసు బండి వచ్చిందని నాకంటే ముందు ఆవిడే చెప్పేది. నా చెవులు రెండూ శుభ్రంగానే పనిచేస్తున్నాయి మరి. చూడవచ్చిన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు.

ఆ కుక్కకి పేరు లేదు. మేం "ఒరేయ్" అంటాం. బుద్ధిపుడితే వస్తుంది, లేకపోతే లేదు. గోధుమరంగు ఒళ్ళు, నల్ల మూతి, ఏనాడో కోతి కొరికిన చిరుగు చెవి. మా అత్తయ్య దాన్ని "నాయనా" అని పిలుస్తుంది. నన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారి "అమ్మా" అన్న పాపాన పోలేదు.

సరిగ్గా కోతలు మొదలైన రోజుల్లో ఈ గొడవ మొదలైంది. ఒకరోజు పొద్దున్నే అత్తయ్య, "పడమటి కంచె దగ్గర ఎవరో ఉన్నారే" అంది. కాపలా అతను, షావుకారు చింతలపూడి వైపు నుంచి తెచ్చుకున్న మనిషి, కర్ర తీసుకుని పరుగెత్తాడు. ఎవరూ లేరు. వచ్చి బీడీ వెలిగించుకున్నాడో లేదో, "ఇంకా అక్కడే ఉన్నారు" అంది. మళ్ళీ పరుగు. ఆ రోజంతా అంతే, మర్నాడూ అంతే. మూడోనాటికి అతను బీడీ మానేసేటట్టున్నాడు. షావుకారుకి ఫోను వెళ్ళింది. ఆయన విస్సన్నపేట నుంచి బండేసుకుని వచ్చాడు. ఆయనకి మా అత్తయ్య మాటంటే గురి. మా ఆయన మాట మీద లేని గురి ఆవిడ మీద ఉంది, అందులో నేను తప్పు పట్టేదేమీ లేదు.

"పెద్దమ్మగారు ఊరికే అనరండీ. పడమటి తోటోళ్ళ కన్ను నా కాయ మీద పడింది" అన్నాడు.

"వాళ్ళు మాకు వరసకి బంధువులండీ" అన్నాను.

"బంధువులైతే మరీనండీ."

కాపలా మంచం పడమటి కంచెకి మారింది. కంచె వెంట ముళ్ళకంప పడింది. ఆ వరసలో కాయ ఇంకా ముదరకుండానే కోయించేశాడు. ఇవన్నీ చూసి, వీళ్ళు ఇంత జాగ్రత్త ఎందుకు పడుతున్నారో అని పడమటి తోటవాళ్ళకి అనుమానమొచ్చి, వాళ్ళూ అటువైపు ఒక మనిషిని కూర్చోబెట్టారు. మధ్యలో ముళ్ళకంప, అటొకడు, ఇటొకడు. ఇద్దరూ ఒకరినొకరు గుడ్లురిమి చూసుకుంటూ రోజంతా గడిపారు. ఈలోగా తూర్పు నుంచి కోతులు దర్జాగా దిగి పెద్ద రసాలు తినిపోయాయి. అత్తయ్య వాటి సంగతి చెప్పనే లేదు. అది చూశాక నాకు తేడా కొట్టింది.

మధ్యాహ్నం కుక్క అన్నం తింటుంటే గమనించాను. తల ఎడమకి వాలి ఉంది. నడుస్తున్నా ఎడమకే, నిలబడినా ఎడమకే. తోట వైపు తిరిగి పడుకుంటే దాని ఎడమ పడమరేగా. పక్కన కూర్చుని చెవి ఎత్తి చూశాను. అమ్మో. లోపలంతా నల్లగా, తడితడిగా, చీము. ఒకటే కంపు. కుడి చెవిలో కూడా మొదలైంది. నేను చెయ్యి పెట్టగానే కుయ్యిమని నా కొంగులో తల దూర్చేసింది. ఎన్నాళ్ళ నుంచి ఓర్చుకుంటోందో పిచ్చి వెధవ, నోరు తెరిచి చెప్పలేదు కదా. లేచి మా ఆయన్ని కేకేశాను.

మా ఆయన మంచివాడు. చెప్పిన పని వెంటనే చేస్తాడు. చేసేముందు ఒక్క క్షణం ఆలోచించడు, అదే వచ్చిన చిక్కు. "ఫోటో తీసి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించి రండి" అన్నాను. ఆయన చెవి లోపలికి ఫోను పెట్టి బాగా దగ్గరగా ఫోటో తీసి, తిన్నగా నూజివీడులో పురుగుమందుల కొట్టుకి వెళ్ళాడు. ఏ తెగులొచ్చినా ఆయన కాళ్ళు అటే నడుస్తాయి. ఆయన దృష్టిలో డాక్టరంటే ఆ కొట్టాయనే. అక్కడ జరిగింది తర్వాత ఆయన నోటితోనే విన్నాను.

కొట్టాయన ఫోటో చూసి, "జిగురు కారుతోందా?" అన్నాడట.

"కారుతోందండీ."

"వాసనుందా?"

"దగ్గర నిలబడలేమండీ. ఒక పక్కకి వాలిపోయింది కూడా."

"పక్కదానికి పాకిందా?"

"మొదలైందండీ."

"ఇంక చూస్తారేంటండీ! మొదలంటా కోసేసి, కోసినచోట ఈ పేస్టు పూసెయ్యండి. కోసిన ముక్క తోటలో ఉంచొద్దు, బయటికి తీసుకెళ్ళి తగలబెట్టండి. లేకపోతే తోట మొత్తానికి పాకుద్ది."

మా ఆయన కొమ్మలకి పూసే ఆ నీలం పేస్టూ, కొత్త కత్తెరా కొనుక్కుని ఇంటికొచ్చాడు. రెండూ వసారా గట్టు మీద పెట్టి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "మొదలంటా కొయ్యాలన్నాడే. నా చేత్తో నేను కొయ్యలేను. పోనీ కాపలా అతన్ని అడుగుదామా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం కొయ్యాలి? దేనికి కొయ్యాలి? ఆ పేస్టు ముందు మీ బుర్రకి పూస్తాను ఉండండి!" అని అరిచాను. అత్తయ్యకి వినపడలేదు గానీ, నా మొహం చూసి కంగారుగా లేచి కూర్చుంది. "ఎవరు పోయారే?" అంది.

అప్పుడే మాగాయ పచ్చడి పెట్టుకునేవాళ్ళకి కాయ తీసుకెళ్ళే ట్రాలీ ఆటో బయల్దేరుతోంది. నూజివీడు పశువుల ఆసుపత్రి దారిలోనే కదా అని, కుక్కని రెండు చేతులా ఎత్తి ట్రేల మధ్య కూర్చోబెట్టి నేనూ ఎక్కాను. ఆటో రోడ్డెక్కిందో లేదో షావుకారు బండి అడ్డం పెట్టాడు.

"అక్కగారూ, ఎక్కడికండీ?"

"ఆసుపత్రికి. దీని చెవులు కుళ్ళిపోతున్నాయి."

"అయ్యో పాపం. మరి కోతల్లో కుక్కని బయటికి పంపితే ఎట్లాగండీ? కాయ దిగిపోనివ్వండి, అప్పుడు తీసుకెళ్దురుగాని."

"అప్పటిదాకా దానికి చెవులుంటాయా?"

"అది గాదక్కా. మాటంటే మాటే గదా. తోట, షెడ్డు, మోటారు, కుక్క. ఇప్పుడది నా కౌలులో ఉందండీ."

"కౌలులో ఉంటే ఆ చీమూ మీదే. రండి, కడగండి."

ఆయన ముక్కు మూసుకున్నాడు గానీ బండి తీయలేదు. వెనక బస్సు వచ్చి ఆగింది. కండక్టరు దిగి ఏంటేంటని అడిగాడు. కౌలు కుక్కని యజమాని పట్టుకుపోతోందని ఒకరు, కాదు కౌలుదారే పోనివ్వడం లేదని ఒకరు చెప్పారు. జనం రెండు పక్షాలైపోయారు. కౌలంటే కౌలే అని ఒక పెద్దాయన కిటికీలోంచి తీర్పు చెప్పాడు. నా ఒళ్ళు మండిపోయింది.

"ఏవండీ, మోటారు చెడిపోతే ఎవరు బాగుచేయించాలి?" అని అడిగాను.

"మోటారైతే మీరేనండీ. ఆనవాయితీ అదేగా."

"మరి నేను చేసేది ఏంటి? చెడిపోయింది, బాగుచేయించడానికి తీసుకెళ్తున్నాను. తప్పుకోండి."

బస్సులో జనం ఓహో అన్నారు. కిటికీలో పెద్దాయన కూడా తల ఊపాడు. కానీ షావుకారు వ్యాపారం చేసేవాడు కదా, ఊరికే ఓడిపోడు. "సరేనండీ. మోటారు షెడ్డుకెళ్తే అది తిరిగొచ్చేదాకా డీజిలింజను పెట్టేది కూడా మీరే గదండీ. కుక్కకి బదులు ఏం పెడతారు?" అన్నాడు.

అప్పుడు, గొడవ విని ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన మా ఆయన ముందుకొచ్చి, "నేనుంటానండీ. నేను అరుస్తాను" అన్నాడు. షావుకారు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఒకసారి అరిచి చూపించమన్నాడు కూడా. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నా పరువు బస్సు చక్రాల కింద పడేలోపల కండక్టరే దయతలిచి, "ఫోనులో రికార్డు చేసుకోండి సార్" అన్నాడు. కుక్కకి షావుకారు బండంటే పడదు. ఆయన బండి స్టార్టు చేసి బర్రుమనిపించాడు, కుక్క ట్రేల మధ్య లేచి నిలబడి, అంత నొప్పిలోనూ తల ఎడమకి వాల్చుకుని ఆయన్ని తిట్టిపోసింది. మా ఆయన రికార్డు చేశాడు. ఒప్పందం కుదిరింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికమంతురాలు. "పేరేంటమ్మా?" అంది. "ఒరేయ్ అంటామండీ" అన్నాను. ఆవిడ నవ్వకుండా చెవుల్లోకి లైటు వేసి చూసింది. చూస్తున్నకొద్దీ ఆ పిల్ల మొహం మారిపోయింది. "రెండు చెవుల్లోనూ ఇన్‌ఫెక్షన్ బాగా లోపలికి దిగిపోయిందండీ. కడిగి మందేస్తాం, పుండు తగ్గుతుంది. వినికిడి ఉంటుందో పోతుందో ఇప్పుడే చెప్పలేను."

"అంటే మా అత్తయ్యకి ఇంక వినపడదాండీ?" అని అడిగాను.

డాక్టరమ్మ లైటు ఆర్పి, "మీ అత్తయ్యగారిని నేను చూడకూడదండీ, ఆవిడకి వేరే ఆసుపత్రి" అంది. నాకు చెప్పే ఓపిక లేక ఏడుపొచ్చేసింది.

చెవులు కడగడానికి నలుగురం పట్టుకున్నాం. సగం కడిగాక అది తల విదిలించింది. చెవిలోదంతా డాక్టరమ్మ కళ్ళద్దాల మీద, నా మొహం మీద, గోడ మీది పాడిగేదె బొమ్మ మీద పడింది. తల ప్రాణం తోకకొచ్చింది, నాది. చుక్కల మందు పొద్దునా సాయంత్రం పొయ్యాలంది. పోసి చెవి మొదట్లో రుద్దితే లోపల పచక్ పచక్‌మనాలంది, అలా అనకపోతే మందు దిగనట్టేనంది. మాత్రలిచ్చింది. గోక్కోకుండా మెడకి గరాటులాంటిది కట్టాలి, ప్రస్తుతం అయిపోయాయి, ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి తొడగండి అంది. కొత్త కత్తెర ఇంట్లో ఉండనే ఉంది. మా ఆయన ఎందుకు కొన్నాడో గానీ మొత్తానికి పనికొచ్చింది.

ఇంటికొచ్చేసరికి వసారా ఎదురుగా మొదటి చెట్టుకి కూరగాయల బండివాళ్ళు పెట్టుకునే స్పీకరొకటి కట్టి ఉంది. మా ఆయన రికార్డు అందులోంచి మోగుతోంది. మొదట కోతులు పారిపోయాయట. భోజనాల వేళకి తిరిగొచ్చాయట. మేం వెళ్ళేసరికి ఒక పెద్ద కోతి ఆ స్పీకరున్న కొమ్మ మీదే కూర్చుని చిన్న రసం తింటోంది, ఇంకోటి దానికి పేలు చూస్తోంది. షావుకారు నన్ను చూసి మొహం మాడ్చుకుని స్పీకరు ఆపించాడు. అత్తయ్యకి ఆ స్పీకరు సంగతి ఎవరూ చెప్పలేదు. మోగేది ఆవిడకి వినపడదు, ఇంక చెప్పడమెందుకని.

ఎర్ర బకెట్టు అడుగు కోసి, అంచుకి పాతగుడ్డ కుట్టి, కుక్క మెడకి తొడిగాను. అది ముందు రాయిలా నిలబడిపోయింది. తర్వాత వెనక్కి నడిచి చూసింది. తర్వాత తలుపులో ఇరుక్కుంది. చెట్టు మొదళ్ళకి, మంచం కోళ్ళకి, షావుకారు మోకాళ్ళకి ఢాం ఢాంమని కొట్టుకుంటూ తిరిగింది. నీళ్ళు తాగబోతే గిన్నె బకెట్టులోకొచ్చి, గిన్నెతో సహా తోటంతా తిరిగింది. ఆ ఎర్రటి మూతి, ఆ మోత, అందులో కుక్క అరిస్తే లోపల గింగురుమని వచ్చే ఆ భయంకరమైన గొంతు విని కోతులకి దిక్కుతోచలేదు. కొండ వైపు పోయినవి పోయినట్టే, తోట ఛాయలకి రాలేదు. షావుకారు ఆనందం పట్టలేకపోయాడు.

"అక్కగారూ, ఆ బకెట్టు అట్లాగే ఉంచేద్దామండీ. కోతలయ్యేదాకా."

"మీ మెడకి కట్టుకోండి, బాగుంటుంది" అన్నాను.

మందు వెయ్యడం ఒక యుద్ధం. సీసా నా కొంగులో దాచుకున్నా దానికి తెలిసిపోయేది. మంచం కింద దూరేది, బకెట్టు పట్టక సగం బయటే ఉండేది, దాక్కున్నాననే అనుకునేది. మా ఆయన నడుం పట్టుకునేవాడు, నేను పోసి రుద్దేదాన్ని, ఇద్దరం ఊపిరి బిగబట్టి పచక్ కోసం వినేవాళ్ళం. మాత్ర పెరుగన్నంలో పెడితే అన్నం తిని మాత్ర కక్కేది. చిన్న రసం గుజ్జులో పెడితే మాత్రం గుటుక్కున మింగేది. అయితే కాయ షావుకారుది. మా తోటలో మా కుక్కకి మాత్ర వెయ్యడానికి రోజూ వెళ్ళి ఆయన్ని ఒక పండు అడిగేదాన్ని. ఆయన మచ్చపడ్డది ఏరి ఇచ్చేవాడు. కుక్క వాసన చూసి మొహం తిప్పుకునేది. మళ్ళీ వెళ్ళి, "మీ కౌలు కుక్క ఇది తినదంటండీ" అని మంచిది తెచ్చుకునేదాన్ని.

ఇంత సందడిలో నేను గమనించనిది ఒకటుంది. అత్తయ్య మాట తగ్గిపోయింది. కాయ పడిందనడం లేదు, బండొచ్చిందనడం లేదు. ఎవరైనా వెనకనుంచి వస్తే ఉలిక్కిపడి మంచం పట్టె పట్టుకుంటోంది. పాలవాడొచ్చి పక్కన నిలబడితే అదిరిపోయి చెంబు జారవిడిచింది. మంచం గోడ వైపు తిప్పుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను చెవికి మందు పోసి బకెట్టు మళ్ళీ తొడగబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆ బకెట్టు తియ్యవే. నాకేం వినపడట్లేదు" అంది.

నాకు నవ్వొచ్చింది, అంతలోనే ఆగిపోయింది. ఆవిడ వేళాకోళానికి అనలేదు. బకెట్టు వెనక కుక్క చెవులు కనపడక ఆవిడకి లోకం మూతపడిపోయింది. మానేదాకా ఉంచాలని సైగ చేశాను. మానితే మళ్ళీ వింటుందా అని కళ్ళతోనే అడిగింది. నేను తల ఊపలేకపోయాను. ఆవిడ మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు ఆవిడ మీద అంత జాలి ఎన్నడూ కలగలేదు. మా ఇద్దరికీ ఉన్న లెక్కలు చాలానే ఉన్నాయి, అయినా ఆ సాయంత్రం పక్కన కూర్చుని కాళ్ళు పట్టాను.

మందులు అయ్యాక డాక్టరమ్మ మళ్ళీ చూసి, పుండు పూర్తిగా మానింది, బకెట్టు తీసెయ్యొచ్చు అంది. వింటుందో లేదో మాత్రం మీరే ఇంటి దగ్గర చూసుకోవాలంది. ఇంటికొచ్చి వసారా ముందు బకెట్టు తీశాను. అత్తయ్య మంచం తోట వైపు తిప్పించుకుని కూర్చుంది. కుక్క ఎప్పటి చోట మెట్టు కింద పడుకుంది. తల నిటారుగా ఉంది. చెవులు రెండూ వాలి ఉన్నాయి.

మా ఆయన వెనకనుంచి వచ్చి పళ్ళెం మీద గరిటెతో కొట్టాడు. కదల్లేదు. కాపలా అతను ఈల వేశాడు. కదల్లేదు. నేను "ఒరేయ్" అని అరిచాను, "ఒరేయ్, నా తండ్రీ" అని కూడా అరిచాను. మూతి కాళ్ళ మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"మామూలప్పుడు కూడా పలకదుగా" అన్నాడు మా ఆయన, ధైర్యం చెబుతున్నట్టు.

అత్తయ్య నా మొహం చూసింది. ఆవిడ దగ్గర దాచగలిగే మొహం కాదు నాది. చెవి వైపు చూపించి, లేదన్నట్టు చెయ్యి తిప్పాను. ఆవిడ లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. పోపులపెట్టె మూత తీసిన చప్పుడైంది. తిరిగొచ్చి, చెవి మిషన్ కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. మెంతుల వాసన గుప్పుమంది.

"నాకెందుకే ఇది. వాడికి పెట్టు" అంది.

నేను దాన్ని అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కుక్కకి ఎలా పెడతారని చెప్పడానికి నాకు సైగ రాలేదు.

అదే సమయంలో అక్కడ షెడ్డు దగ్గర షావుకారు, బకెట్టు తీసేశారు కాబట్టి ఇంక కోతులు దిగుతాయని లెక్కేసుకుని, కాపలా అతన్ని పిలిచి ఆ స్పీకరు మళ్ళీ పెట్టమన్నాడు. మొదటి చెట్టు మీంచి భౌ భౌమని మోత మొదలైంది. ట్రేల మధ్య నిలబడి షావుకారుని తిట్టిన తిట్లన్నీ, అవే.

కుక్క తల లేచింది. చిరుగు చెవి లేచింది. రెండో చెవి లేచింది. రెండూ నిట్టనిలువుగా నిలబడి, వీపు మీద వెంట్రుకలు కూడా లేచాయి. మొదటిసారి ఆ స్పీకరు మోగినప్పుడు అది ఆసుపత్రిలో ఉంది, తిరిగొచ్చేసరికి చెవుల నిండా చీమూ మందూ, ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. తన తోటలో ఇంకొకడు ఉండటమా! ఒక్క దూకుతో మొదటి చెట్టు కిందికి వెళ్ళి, తల పైకెత్తి తన గొంతునే తను తిట్టడం మొదలుపెట్టింది.

ఎవరం ఏమీ అనకముందే అత్తయ్య, "ఎవరిదో కుక్కొచ్చిందే మన తోటలోకి" అంది. ఆవిడ కళ్ళు మా ఒరేయ్ చెవుల మీదే ఉన్నాయి. కాస్త చూసి, "మగది. మనవాడి ఈడుదే, మనవాడంతా ఉంటుంది" అంది.

నేను మెట్టు మీద కూలబడి ఏడ్చాను. నవ్వాను కూడా, రెండూ ఒకేసారి వచ్చాయి. మా ఆయన పళ్ళెం చంకలో పెట్టుకుని కండువా కోసం వెతుక్కున్నాడు. అత్తయ్య నా చేతిలోంచి మిషన్ లాక్కుని బొడ్లో దోపుకుంది. "ఏడుస్తావేంటే, వెళ్ళి ఆ వెధవ కుక్కని తోలెయ్యమను. కొరికిందంటే మళ్ళీ ఆసుపత్రి" అంది.

కళ్ళు తుడుచుకుంటూ షెడ్డు దాకా వెళ్ళి, షావుకారు "అక్కా, కోతులండీ" అంటున్నా వినకుండా అక్కడ తగిలించిన స్పీకరు వైరు పీకేశాను. మోత ఆగింది.

"పోయిందే, ఇంక రా" అని వసారాలోంచి కేకేసింది అత్తయ్య.